జూన్ 2వ తేది: ఒక వేసవి దినము, రెండు స్మృతులు

జూన్ 2వ తేది రోహిణి కార్తెలో పడును. సూర్యుడు మే 25వ తేది ప్రాంతమున రోహిణీ నక్షత్రమున ప్రవేశించి, జూన్ 8వ తేది ప్రాంతమున మృగశిరలో అడుగిడు వరకు గల పక్షము దినములు తెలుగునాట ఎండలకు పెట్టినది పేరు. రోహిణి ఎండకు రోళ్లు పగులునను సామెత ఎరుగని పల్లె లేదు. ఆ దినములలో పశువు నీడను వెదకును. రైతు మబ్బును వెదకును. దుక్కి సిద్ధమై యుండును గాని విత్తుటకు వేళ కాదు. అట్టి దినములలో ఒక్కదానిని తీసికొని, హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములపై ఆనాడు ఆకాశమెట్లుండునో, ఆ తేదీన నేలపై ఏమేమి జరిగినవో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా ఆ ప్రాంతమును గురించి రెండు మాటలు. నేడది నగరములో మరియొక నగరము. దిల్‌సుఖ్‌నగర్ అను పేరు ఇచ్చట భూములు గలిగియుండిన దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను జాగీర్దారును బట్టి వచ్చినదని చెప్పుదురు. ఎల్.బి.నగర్ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసినది. రెంటికిని పొరుగున సరూర్‌నగర్ చెరువు కలదు. 1626లో, కుతుబ్‌షాహీల కాలమున ఏర్పడిన యీ చెరువు, నగరము ఇటు వ్యాపించుటకు ఎంతో ముందే ఇచ్చట ఊళ్లును మళ్లును ఉండెననుటకు సాక్ష్యము. విజయవాడకు పోవు జాతీయ రహదారియు, నాగార్జునసాగరమునకు పోవు మార్గమును ఎల్.బి.నగర్ కూడలిలో వేరుపడును. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చు జనులకు నగరద్వారమిదియే. చదువునకు వచ్చినవారు, కొలువునకు వచ్చినవారు, కూలికి వచ్చినవారు ఇచ్చటనే దిగి, పెక్కుమంది ఇచ్చటనే నిలిచిపోయిరి. 2007 ఏప్రిల్ 16న గడ్డిఅన్నారము, ఎల్.బి.నగర్ పురపాలక సంఘములు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో లీనమైనవి. 2018 సెప్టెంబరు 24 నుండి అమీర్‌పేట, ఎల్.బి.నగర్‌ల నడుమ మెట్రో రైలు నడచుచున్నది. వేసవి యనగానే ఈ ప్రాంతపు వారికి గుర్తు వచ్చునది గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు. మామిడి కాలమున లారీలపై లారీలు వచ్చి నిలుచుటయు, గడ్డి పరచిన బుట్టల నడుమ వేలముపాటలు సాగుటయు చిరకాలము కన్నులపండువుగా నుండెడిది. 2022లో ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయెను.

ఇక ఆకాశము సంగతి. జూన్ 2వ తేదీన ఈ ప్రాంతమున సూర్యోదయము ఉదయము 5 గంటల 40 నిమిషముల ప్రాంతమున అగును. సూర్యాస్తమయము సాయంకాలము 6 గంటల 45 నిమిషములు దాటిన పిదప. అనగా పగలు 13 గంటలకు పైబడి యుండును. నడిమధ్యాహ్నము గడియారపు 12 గంటలకు గాక, 12 గంటల 14 నిమిషముల వేళకు వచ్చును. దీనికి ముఖ్య కారణము, దేశమంతటికిని లెక్కగా పెట్టుకొన్న కాలరేఖ హైదరాబాదునకు తూర్పున నుండుటయే.

మధ్యాహ్నవేళ సూర్యుడు ఎల్లప్పుడును దక్షిణపు వైపున నుండునని పలువురు తలంతురు. ఇచ్చట వేసవిలో అది నిజము కాదు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైన నున్నది. మే 9వ తేది ప్రాంతమున సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. ఆ క్షణమున నిలువుగా పాతిన గుంజకు నీడ యుండదు. అటుపిమ్మట సూర్యుడు ఉత్తరమునకు దాటిపోవును. ఆగస్టు 3వ తేది ప్రాంతమున మరల నడినెత్తిని దాటి దక్షిణమునకు వచ్చు వరకు, మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును. జూన్ 2న ఆరడుగుల గుంజను నిలిపి చూచినచో, మధ్యాహ్నమున దాని నీడ దక్షిణపు వైపున సుమారు ఆరంగుళములు మాత్రమే యుండును. సంవత్సరములో మిగిలిన దినములందు చల్లగా నుండు ఉత్తరపు వసారాపై సైతము ఆ దినములలో ఎండ పడును. ఈ సంగతి తెలియుటకు యంత్రమక్కరలేదు. ఒక గుంజయు, కొంత ఓపికయు చాలును.

రోహిణి కార్తె యను పేరు కూడ ఊరక వచ్చినది కాదు. ఆ దినములలో సూర్యుడును రోహిణీ తారయు ఆకాశమున ఇంచుమించు ఒకే దిక్కున నుందురు. అందువలన రోహిణి సూర్యకాంతిలో మునిగి కంటికి కానరాదు. కంటికి కనబడని నక్షత్రము పేరనే కార్తె నడచుట వింతగా తోచును గాని, లెక్క దెలిసిన పెద్దలు పెట్టిన పేరది. రాత్రి 8 గంటల వేళ నిర్మలాకాశమున ఉత్తరమున సప్తర్షులు ఎత్తుగా నుందురు. తూర్పున స్వాతి, దక్షిణమునకు చేరువగా చిత్త ప్రకాశించును. ఆగ్నేయమున వృశ్చికము తల యెత్తుచుండును. దక్షిణపు అంచున, నేలకు కొంచెము పైగా, త్రిశంకు నక్షత్రములు సరిగా ఆ వేళకే తమ అత్యున్నత స్థానమునకు వచ్చును. కాని నేటి ఎల్.బి.నగర్ దీపముల వెలుగునను, మేడల నడుమను వానిని చూడగలుగుట అరుదు. మరల పల్లెటూళ్లలో చేలగట్టున నిలిచినవారికి ఆ దర్శనము సులభము.

ఆకాశమును చూచి వ్రాసిపెట్టు అలవాటు ఈ నగరమునకు క్రొత్త కాదు. నవాబు జఫర్ జంగ్ 1901లో నగరపు ఆగ్నేయభాగమున నున్న ఫిసల్‌బండలో దూరదర్శినిని నెలకొల్ప పూనుకొనెను. ఆయన మరణానంతరము నిజాము ప్రభుత్వము ఆ సంస్థను స్వీకరించి బేగంపేటకు మార్చెను. అదియే నిజామియా వేధశాల. ప్రపంచదేశములన్నియు కలిసి తలపెట్టిన నక్షత్ర పటమున ఒక భాగమును ఈ వేధశాల వహించి, లక్షలకొలది తారల స్థానములను కొలిచి అచ్చువేసెను. నక్షత్రములను లెక్కించుటకు కావలసిన గుణమే ఎండను లెక్కించుటకును కావలెను. ప్రతిదినము, అదే వేళకు, అదే చోట చూచుట. చూచినదానిని చూచినట్లు వ్రాయుట.

అట్లు వ్రాసినందువలననే ఒక సంగతి నేడు మనకు తెలిసినది. 1966 జూన్ 2వ తేది, గురువారమున, హైదరాబాదులో 45.5 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదయ్యెను. పాత లెక్కలో చెప్పినచో ఇది ఇంచుమించు 114 డిగ్రీల ఫారన్‌హీటు. నగరపు వాతావరణ చరిత్రలో అత్యధికముగా లిఖింపబడిన ఉష్ణోగ్రత ఇదియే. ఇది ఎండలో కొలిచినది కాదు. గాలి యాడునట్టి తెల్లని కొయ్యపెట్టెలో, నీడలో నుంచిన ఉష్ణమాపకము చూపినది. ఆ మధ్యాహ్నమున బాటపై నడచువాని పాదములకు తగిలిన వేడి ఇంతకంటె ఎంతో హెచ్చుగా నుండియుండవలెను.

సాధారణముగా హైదరాబాదున ఎండలు మే మాసమున ముదిరి, జూన్ మొదటి వారము నాటికి తగ్గుముఖము పట్టును. సాయంకాలములందు ఈదురుగాలులు, ఉరుములు వచ్చి నాలుగు చినుకులు రాలును. నైరృతి ఋతుపవనము కేరళ తీరమును జూన్ 1వ తేది ప్రాంతమున తాకి, క్రమముగా దక్కనునకు ఎక్కివచ్చును. ఆ తేమగాలి రానంతవరకు వాయవ్యమునుండి వీచు పొడిగాలిదే రాజ్యము. నేలలో తడి యున్నచో ఎండలో కొంత భాగము ఆ తడిని ఆవిరి చేయుటకే చెల్లిపోవును. తడి లేనిచో ఎండ యంతయు నేలను, గాలిని కాల్చుటకే వినియోగపడును. బండలతో నిండిన యీ పీఠభూమి పగలెల్ల వేడిని త్రాగి, రాత్రి దానిని మెల్లగా విడుచును. 1965లోను, 1966లోను దేశమునకు వరుసగా కరవులు వచ్చెను. ఆ రెండు కరవుల నడుమ పడిన వేసవిలోనిది ఈ దినము.

ఆ సంవత్సరము పరాభవ నామ సంవత్సరము. లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంటులో జనవరి 11న స్వర్గస్థుడై అప్పటికి అయిదు మాసములు నిండలేదు. తిండిగింజల కొరత వేళ, వారమునకొక పూట భోజనము మానుడని దేశప్రజలను కోరిన ప్రధాని ఆయన. జవానుతోపాటు కిసానునకు జయము పలికినవాడును ఆయనయే. ఆయన పేర వెలసిన పేట నేడు అన్ని వేళల అంగళ్లతో కళకళలాడుచుండుట చూచినప్పుడు, ఆ కరవు దినములు తలపునకు రావలెను.

ఆ గురువారమే మరియొక విశేషము జరిగెను. అమెరికా వారు మే 30న ప్రయోగించిన సర్వేయర్ 1 అను యంత్రనౌక చంద్రునిపై తుపానుల సముద్రమను మైదానమున మెల్లగా దిగెను. మన గడియారములలో అప్పటికి పగలు 11 గంటల 47 నిమిషములు. హైదరాబాదున సూర్యుడు నడినెత్తికి వచ్చుచుండెను. అంతకు నాలుగు నెలల ముందు సోవియట్ రష్యా వారి లూనా 9 చంద్రునిపై దిగియుండెను. అమెరికా వారికి ఇదియే మొదటి విజయము. సర్వేయర్ పదకొండు వేలకు పైగా ఛాయాచిత్రములను భూమికి పంపెను. మూడు సంవత్సరముల పిదప మానవుడు చంద్రునిపై కాలు మోపుటకు ఆ చిత్రములు త్రోవ చూపినవి. ఆ మరునాడు జ్యేష్ఠ పూర్ణిమ, అనగా ఏరువాక పున్నమ. దానికి ముందునాటి సాయంకాలము ఉడికిపోవుచున్న దక్కను నేలపై ఇంచుమించు నిండైన చంద్రుడు ఉదయించెను. చంద్రునిపై యంత్రము దిగిన దినమున, ఇచ్చటి రైతు అదే చంద్రుని చూచి నాగలి కట్టుటకు ముహూర్తము లెక్కించుకొనుచుండెను.

ఇచ్చట తేదికిని తిథికిని గల భేదము గమనింపదగినది. తేది సూర్యుని వెంట పోవును. తిథి చంద్రుని వెంట పోవును. కావున ఏరువాక పున్నమ ఏటేట ఒకే తేదీన రాదు. అయినను పందొమ్మిది సంవత్సరములకొకసారి చంద్రుడు ఇంచుమించు అదే తేదీన అదే కళతో కనబడును. 1966 వలెనే 1985లోను, 2004లోను, 2023లోను జ్యేష్ఠ పూర్ణిమ జూన్ 3, 4 తేదీల ప్రాంతమున వచ్చెను. తండ్రి చూచిన పున్నమిని అదే తేదీన కొడుకు చూచును. మరియొక ఆవృత్తమునకు మనుమడు చూచును.

ప్రపంచ చరిత్రలో జూన్ 2వ తేదీన జరిగిన సంగతులు మరికొన్ని కలవు. 1946లో ఆనాడు, ఆ మరునాడు ఇటలీ ప్రజలు ఓట్లు వేసి రాజరికమును తొలగించి గణతంత్రమును కోరుకొనిరి. నాటి నుండి ఆ దేశమునకు జూన్ 2 జాతీయ పర్వదినము. 1947లో ఆనాడు ఢిల్లీలో మౌంట్‌బాటన్ భారత నాయకులను సమావేశపరచి దేశవిభజన ప్రణాళికను వారి ముందుంచెను. మరునాడది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ జూన్ మాసముననే నిజాము తాను ఇటు భారతదేశమునను అటు పాకిస్తానునను చేరనని ఫర్మానా వెలువరించెను. ఢిల్లీలో పడిన గీత హైదరాబాదు సంస్థానపు భవితవ్యమును ఎట్లు మార్చెనో పాఠకులకు విదితమే. 1953లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ పట్టాభిషేకము కూడ ఇదే తేదీన జరిగెను.

ఇన్ని జరిగినను, తెలంగాణమున ఈ తేదీకి సెలవు లభించినది 2014 తరువాతనే. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆ సంవత్సరము ఫిబ్రవరి 18న లోక్‌సభయు, 20న రాజ్యసభయు ఆమోదించినవి. మార్చి 1న రాష్ట్రపతి సమ్మతి లభించెను. జూన్ 2 నియమిత దినముగా ప్రకటింపబడెను. ఆ దినము సోమవారము; జయ నామ సంవత్సర జ్యేష్ఠ శుక్లపక్షము. అర్ధరాత్రి తేది మారినంతనే తెలంగాణము భారతదేశమున 29వ రాష్ట్రమయ్యెను. ఆ వేళకు నెలవంక అస్తమించియుండెను. చీకటి ఆకాశమున బాణసంచా వెలిగెను. ఉదయమున రాజభవనమునందు గవర్నరు ఇ.ఎస్.ఎల్. నరసింహన్ సమక్షమున కె. చంద్రశేఖరరావు ప్రథమ ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసెను.

ఎల్.బి.నగర్‌కు ఆ దినముతో గల సంబంధము వేడుకతో మాత్రమే ముగియునది కాదు. 2009 నవంబరు 29న ఈ కూడలిలోనే కాసోజు శ్రీకాంతాచారి అను నల్లగొండ జిల్లా యువకుడు ప్రత్యేక రాష్ట్రమును కోరుచు ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న మరణించెను. ఆ మరణము ఉద్యమమును కదిలించినది వాస్తవము. ఒక నిండు ప్రాణము, ఒక తల్లి కన్నకొడుకు పోయినదియు అంతకంటె వాస్తవము. అట్టి మరణము మరల ఎవరికిని రాకూడదని కోరుటయే ఆ యువకునకు నిజమైన నివాళి. ప్రతి జూన్ 2న గన్‌పార్కులోని అమరవీరుల స్తూపమునకు పుష్పాంజలి ఘటింతురు. 1969 ఉద్యమమున ప్రాణములు గోల్పోయినవారి స్మృతిచిహ్నమది.

ఈ ప్రాంతపు మరియొక ముఖమును కూడ చెప్పవలెను. విజయవాడ త్రోవకు మొదటనే యుండుటచే, కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఇచ్చట చాల కలవు. ఒకే వీధిలో ఒక యింట పండుగగా నున్న దినము, ప్రక్క యింట సందేహముగా నుండెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015 నుండి 2018 వరకు జూన్ 2ను ఉత్సవముగా గాక నవనిర్మాణ దీక్షా దినముగా పాటించెను. పదిసంవత్సరములకు మించకుండ హైదరాబాదు రెండు రాష్ట్రములకును ఉమ్మడి రాజధానిగా నుండునని చట్టము నిర్దేశించెను. 2024 జూన్ 2న ఆ గడువు ముగిసెను. అదే దినమున అందెశ్రీ రచించిన గీతము తెలంగాణ రాష్ట్రగీతముగా వెలువడెను. ఈ పది సంవత్సరములలో పాలకుల రాజధానులు వేరైనవి గాని, దిల్‌సుఖ్‌నగర్ వీధులలో ఇరుగుపొరుగు వేరు కాలేదు. బంధుత్వములు, బాడుగయిండ్లు, పిల్లల చదువులు, అంగడి బాకీలు ఎప్పటివలెనే సాగినవి. శాసనసభలు చేయలేని పని చేసినది ఈ నిత్యజీవితమే.

పండుగ దినము దుఃఖమునకు అడ్డుగోడ కాదని 2023 జూన్ 2 తెలిపెను. తెలంగాణమున ఆనాడు దశాబ్ది ఉత్సవములు ఆరంభమైనవి. ఆ సాయంకాలమే ఒడిశాలోని బాలాసోరు జిల్లా బాహానగా బజారు స్టేషను వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఘోరప్రమాదమునకు గురియయ్యెను. 290 మందికి పైగా మరణించిరి. తెలుగుతీరము పొడవునను సాగు రైలది.

ఇట్లు ఒక్క తేదీన వేడుకయు విషాదమును, చట్టమును ఎండయు కలిసియున్నవి. అయినను వీనిలో జనము జ్ఞాపకముంచుకొన్నది ఏది, మరచినది ఏది యని విచారించినచో ఒక సంగతి స్పష్టమగును. 2014 జూన్ 2ను బాలురు సైతము చెప్పుదురు. దానికి సెలవు కలదు, జెండా కలదు, ఊరేగింపు కలదు. 1966 జూన్ 2ను చెప్పువారు లేరు, దానికవేవియు లేవు. సెలవు దొరికిన చరిత్ర నిలుచును, సెలవు దొరకని చరిత్ర జారిపోవును. కాని ఎండ సెలవును చూచి రాదు. పతాకావిష్కరణ జరుగు మధ్యాహ్నముననే వీధి నూడ్చువారు, ఇటుకలు మోయువారు, తోపుడుబండి నెట్టువారు, బస్సు నడుపువారు ఆ రోహిణి ఎండలోనే యుందురు. 2015 మే మాసాంతమున వీచిన వడగాడ్పులకు దేశమున రెండు వేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రముల వారే. పెక్కుమంది ఎండలో పనిచేయక పూట గడవని పేదలు, వృద్ధులు. 1966 నాటి అంకెను స్మరించుట వలన కలుగు ప్రయోజనమిదియే. ఎండ ఎంతవరకు పోగలదో ముందే తెలిసిన ఊరు, చలివేంద్రమును, పని వేళలను, చెరువుగట్టు చెట్లను ముందే చూచుకొనును.

సరూర్‌నగర్ చెరువు చుట్టును నున్న భూములు మేడలతో నిండినవి. పొలములున్నచోట తారుబాటలు, చెట్లున్నచోట గోడలు వచ్చినవి. నేల తడి తగ్గినకొలది రాత్రి చల్లబడుట తగ్గును. నగరమునకు తూర్పున జరిగిన ఈ మార్పు రహదారుల వెంట పల్లెలకును వచ్చుచున్నది. వచ్చునది ఎంతయో, ఎప్పుడో తెలియవలెనన్న, మునుపు ఎట్లుండెనో వ్రాసియుండవలెను.

ఆ వ్రాత ఎవరు వ్రాయవలెను? నగరమున వేధశాల యున్నది, వాతావరణ కార్యాలయమున్నది. పల్లెకు గ్రంథాలయమున్నది. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను కాపాడిన సంస్థకు ఒక నోటుపుస్తకమును కాపాడుట బరువు కాదు. ప్రతిదినము ఒక్క పంక్తి: నేటి ఎండ, నేటి వాన, చెరువున నీరు ఏ మెట్టువరకు నున్నది, ఏరువాక ఏనాడు సాగినది, ఊరిలో నేడు జరిగిన మంచిచెడులు. ఒక గోడకు ఉష్ణమాపకము, ముంగిట ఒక గుంజ, బల్లపై ఒక పుస్తకము చాలును. 1966 జూన్ 2వ తేదీన ఎవరో ఒక ఉద్యోగి అంత ఎండలోను కొయ్యపెట్టె తలుపు తెరచి, పాదరసము నిలిచిన చోటును చూచి, అంకె వేసెను. ఆయన పేరు పుస్తకములకెక్కలేదు; ఆయన వ్రాసిన అంకె మాత్రము నేటికిని నిలిచియున్నది.